బండెక్కిన డాక్టరు, పీజీ సీటు: పేచీ మొదలైంది 2008లో

పీజీ మెడికల్ కౌన్సెలింగ్ దగ్గర పడితే చాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) డాక్టర్లకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య ఇన్‌సర్వీస్ కోటా, అంటే సర్కారు ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో ఇచ్చే వాటా, గొడవ మళ్ళీ లేస్తోంది. రోగులను నేరుగా చూసే క్లినికల్ విభాగాల్లో 30 శాతంగా ఉన్న కోటాను 15 శాతానికి తగ్గిస్తూ 2024 జూలైలో జీవో వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో డాక్టర్లు ఆందోళనకు దిగితే 20 శాతం దగ్గర రాజీ కుదిరింది. 2025లో మళ్ళీ అదే తంతు. సెప్టెంబర్ చివర్లో మొదలైన సమ్మె అక్టోబర్‌లోకి పాకింది. ఓపీలు ఆగాయి, తర్వాత చర్చలు జరిగాయి, విరమించారు. టీవీల్లో ఇది సీట్ల లెక్కగానే కనిపించింది. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపో, 2025 చివరిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న కనిగిరి వైపో ఉన్నవాళ్ళ ప్రశ్న వేరు. నెలకు రెండుసార్లు డాక్టరు ఊరికి వస్తాడా, వస్తే పోయిన ఏడాది వచ్చినాయనే వస్తాడా?

సీట్ల లెక్క, ఊరికొచ్చే డాక్టరు, ఈ రెండూ ఒకటే గొడవ.  మన కథ మలుపు తిరిగింది 2008లో.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలై, 2008 మధ్యకల్లా ఉమ్మడి రాష్ట్రమంతా పరుచుకుంది. గుండె ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స, కిడ్నీ జబ్బు, ఏదైనా సరే తెల్లకార్డు చేతిలో ఉంటే కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. దానివల్ల బతికినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, అది కాదనలేం. కానీ ఆ పథకం డబ్బు చెల్లించేది ఆసుపత్రి మంచం ఎక్కిన తర్వాతే. మంచం ఎక్కకుండా చూసే బీపీ బిళ్ళకు, ఆ బిళ్ళ రాసి మళ్ళీ రమ్మని చెప్పే డాక్టరుకు అందులో చోటు లేదు.

ఆ లోటు పూడ్చడానికే అన్నట్టు 2008-09లో ‘104’ అనే పేరుతో సంచార వైద్య బళ్ళు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రానికి మొత్తం 475 బళ్ళు. నెలలో ఫలానా తారీఖున ఫలానా ఊళ్ళో ఆగేవి, గర్భిణులనూ షుగరు, బీపీ ఉన్నవాళ్ళనూ చూసేవి, నెలకు సరిపడా మందులిచ్చేవి. బండిలో ఏఎన్ఎం ఉండేది, ఫార్మసిస్టు ఉండేవాడు, ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాడు. లేనిది డాక్టరే. నడిపింది సత్యం ఫౌండేషన్ అండతో పుట్టిన హెచ్ఎంఆర్ఐ సంస్థ. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక నడిపే చేతులు మారాయి, 2016లో బండి మీద పేరు కూడా మారి చంద్రన్న సంచార చికిత్స అయింది. 2008లో పడిన అలవాటు మాత్రం నిలిచిపోయింది. చిన్న జబ్బుకు బండి, పెద్ద జబ్బుకు కార్డు. మధ్యలో ఉండాల్సిన మనిషి, అంటే ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి చూసే ఎంబీబీఎస్ డాక్టరు, ఎవరికీ అక్కర్లేనివాడయ్యాడు. ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి నెల్లూరు పొగతోటలో దిగే మనిషికి అక్కడున్న బోర్డులు చూస్తే సంగతి అర్థమవుతుంది. అవయవానికొక డాక్టరు ఉన్నాడు, మనిషికి లేడు.

నెల్లూరు జిల్లాకు అలా మనిషిని చూసే డాక్టరు కొత్తేం కాదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల పెట్టి, పేదలకు తక్కువ ఖర్చుతో వైద్యం చేయడమే కాదు, పల్లెల కుర్రాళ్ళను తెచ్చి వైద్యంలో తర్ఫీదు ఇచ్చి మళ్ళీ పల్లెలకే పంపారు. చట్టం దృష్టిలో వాళ్ళు డాక్టర్లు కారు. అర్ధరాత్రి పిల్లాడికి ఫిట్స్ వస్తే తలుపు తీసేది మాత్రం వాళ్ళే. ఇలా డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీల చేతిలో అనవసరపు స్టెరాయిడ్లు, అక్కర్లేని సెలైన్లు ఎంత చేటు చేశాయో తెలియంది కాదు. అయినా జనం వాళ్ళ దగ్గరికే ఎందుకు పోతారంటే, ఆ మనిషి రేపు కూడా అక్కడే ఉంటాడని. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కరోనా నాటుమందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు చదువుకున్నవాళ్ళు నవ్వారు. పలకరించే డాక్టరు అందుబాటులో లేని చోట నమ్మకం ఎటు పోతుందో అప్పుడు ఆలోచించినవాళ్ళు తక్కువ.

డాక్టరు ఒకే చోట ఎక్కువకాలం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి కనిగిరి ప్రాంతం ఒక్కటి చాలు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, అక్కడి మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు నమోదు చేశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర మొదలయ్యేది అక్కడే. ఇప్పటికీ మోకాళ్ళ నొప్పులని వచ్చే పెద్దమనిషికి కొత్త డాక్టరు నొప్పి బిళ్ళ రాసి పంపుతాడు. ఊరు తెలిసిన డాక్టరు, ఏ బోరు నీళ్ళు తాగుతున్నావు, ఎన్నేళ్ళ నుంచి ఈ బిళ్ళలు మింగుతున్నావు అని అడుగుతాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించమంటాడు. నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలకు ముప్పని అందరు డాక్టర్లకూ తెలుసు. ఈ మనిషి ఎన్నేళ్ళుగా మింగుతున్నాడన్నది మాత్రం ఊరు తెలిసినవాడికే తెలుస్తుంది.

2008లో తెగిన ముడిని తిరిగి వేయాలని చూసింది ఫ్యామిలీ డాక్టర్ పథకం. 2020 జూలై 1న 104 బళ్ళు 656 కొత్తవి వచ్చాయి. రాష్ట్రమంతా 10,032 విలేజ్ క్లినిక్‌లు అన్నారు. 2022 అక్టోబర్ 21న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి లాంఛనంగా ప్రారంభించారు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఆసుపత్రిలో ఓపీ చూస్తే ఇంకొకరు బండెక్కి ఊళ్ళకు పోవాలి. పొద్దున విలేజ్ క్లినిక్‌లో ఓపీ, మధ్యాహ్నం మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు, బడికి, అంగన్‌వాడీకి. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఈ రాష్ట్రంలో అంతకుముందు రాలేదన్నది నా అభిప్రాయం. పక్షవాతం వచ్చి లేవలేని ముసలామె ఇంటికి ప్రభుత్వ డాక్టరు వచ్చి బీపీ చూడటం ఆ పల్లెల్లో ఎవరూ ఊహించని సంగతి.

ఎవరిని ఎక్కించారన్న దగ్గరే లోపమంతా ఉంది. బండెక్కిన డాక్టరు ఎక్కువగా ఎంబీబీఎస్ పూర్తిచేసి, పీజీ సీటు కోసం చదువుకుంటున్న కుర్రాడో అమ్మాయో. వాళ్ళ మాట వినండి. ఎంబీబీఎస్ బోర్డు పెట్టుకుని బయట ప్రాక్టీసు చేస్తే నిలబడలేరు, ఎందుకంటే జనాన్ని అలా మార్చింది మనమే. ఆరోగ్యశ్రీ ఆసుపత్రికి కావాల్సింది స్పెషలిస్టు. పీహెచ్‌సీలోనే ఉండిపోదామంటే ప్రమోషన్లకు ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. మారుమూల మండలంలో, నల్లమల అంచున ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేల దాకా తిరిగినందుకు దక్కేది ఇన్‌సర్వీస్ కోటాలో ఒక సీటు వస్తుందన్న ఆశ ఒక్కటే. అది కూడా సగం చేస్తే ఇక్కడెందుకు ఉండాలి? 2025 సమ్మె డిమాండ్లలో కోటాతో పాటు సకాలంలో ప్రమోషన్లు, గిరిజన ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళకు ప్రత్యేక భత్యం, ఊళ్ళకు సంచార వైద్యానికి పోయేవాళ్ళకు నెలకు 5 వేల అలవెన్సు కూడా ఉన్నాయి. ఆ చివరిది పేపర్లలో ఎక్కువగా రాలేదు. అసలు కథ చెప్పేది అదే. ఊరికి పోవడం ఉద్యోగంలో భాగం కాదు, అదనపు బరువు అని డాక్టర్లు అనుకుంటున్నారు. అలా అనుకునేలా చేసినవాళ్ళలో అన్ని ప్రభుత్వాలూ ఉన్నాయి. బీపీ, షుగరు లాంటి జబ్బుల (ఎన్‌సీడీ) సర్వే, ముఖ హాజరు, ఆన్‌లైన్ ఎంట్రీ, వారం వారం టార్గెట్లు. వీటి టెన్షన్ పోను రోగితో కూర్చోవడానికి మిగిలేది కొన్ని నిమిషాలే.

ప్రభుత్వ వాదనలోనూ పస లేకపోలేదు. స్పెషలిస్టు పోస్టుల ఖాళీలను బట్టే సీట్లివ్వాలి, అవసరానికి మించి ఇస్తే చదువుకొచ్చినవాళ్ళను ఎక్కడ పెట్టాలి, పల్లెకు కావాల్సింది ఎంబీబీఎస్ డాక్టరే కదా అన్నది వాళ్ళ లెక్క. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇన్‌సర్వీస్ డాక్టర్లకు పీజీ సీట్లు కేటాయించే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది కాబట్టి ఎంత ఇవ్వాలన్నది ఇప్పుడు రాష్ట్రం చేతిలోనే ఉంది. ఇంకోవైపు 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం కుటుంబానికి 25 లక్షల దాకా వైద్యం, అందులో తొలి 2.5 లక్షలు ఇన్సూరెన్స్ కంపెనీల ద్వారా అనే విధానానికి ఆమోదం తెలిపింది. మళ్ళీ డబ్బు పోయేది మంచం ఎక్కినవాడి వైపే. ఆ అక్టోబర్‌లోనే బకాయిల కోసం కార్డు మీద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు కూడా సేవలు ఆపాయి. బండి, కార్డు రెండూ ఒకే నెలలో ఆగాయన్నమాట.

ఫ్యామిలీ మెడిసిన్ అనే పీజీ కోర్సు ఉందన్న సంగతి ఈ గొడవలో ఎవరి నోటా రావడం లేదు. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ పట్టా డీఎన్‌బీలో అది దశాబ్దాలుగా ఉంది. కేరళలో కాలికట్ ప్రభుత్వ వైద్య కళాశాల ఎండీ కోర్సు మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. మెడికల్ కౌన్సిల్ పనితీరు మీద 2016లో నివేదిక ఇచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ కోర్సును పెంచమని చెప్పింది. పసిపిల్లల జ్వరం నుంచి ముసలివాళ్ళ మతిమరుపు దాకా చూడటం, ఏది తన చేతిలో ఉంది, ఏది పైకి పంపాలి అన్నది తేల్చడం ఆ చదువు. ఫ్యామిలీ డాక్టర్ పేరుతో మనం పంపింది ఆ చదువు లేనివాళ్ళను.

నెల్లూరులో ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఒంగోలులో రిమ్స్ ఉంది. ఇన్‌సర్వీస్ కోటాలో సీటొచ్చిన డాక్టరు మూడేళ్ళు చదివి ఆర్థోపెడిక్సో, గైనిక్సో పూర్తిచేసుకుని ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో పోతారు. వెళ్ళిన మర్నాటి నుంచి ఆయన చూసిన ఊళ్ళు పీహెచ్‌సీలో మిగిలిన రెండో డాక్టరు మీద పడతాయి. పీజీ తర్వాత ఆ పీహెచ్‌సీకే తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలంటే, అక్కడ ఫ్యామిలీ మెడిసిన్ పోస్టు ఉండాలి, దానికి స్పెషలిస్టు హోదా, జీతం ఉండాలి. కోటా 15 శాతమా, 20 శాతమా, 30 శాతమా అని బేరమాడుతున్న ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు ఆ పోస్టును చర్చల బల్ల మీద పెట్టలేదు.