బ్రేక్ ఆయిల్ లీకులు: అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య ఒక మాస్టారు పాత హ్యాచ్‌బ్యాక్ తీసుకుని కాకినాడలో మా షెడ్డుకు వచ్చారు. డిక్కీలో సగం అయిపోయిన బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది. "నెలకోసారి కాస్త పోసుకుంటున్నానండి, బండి బాగానే ఆగుతోంది" అన్నారు. రోజూ పిల్లల్ని అదే కారులో స్కూల్లో దింపుతారట. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. ఇన్నేళ్లుగా బ్రేకుల పని చేస్తున్నాను, ఇవే నమ్మకాలు మళ్లీ మళ్లీ వింటున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: పెట్రోలులాగే బ్రేక్ ఆయిల్ కూడా వాడేకొద్దీ తగ్గుతుంది. పోసుకుంటూ ఉండాలి.

ఇది ఖర్చయ్యే నూనె కాదు. పైపుల్లో అటూ ఇటూ కదులుతుందే తప్ప ఎటూ పోదు. బానెట్ కింద కారుకే బిగించి ఉండే ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందంటే కారణాలు రెండే. ఒకటి బ్రేకు ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును నొక్కి ఆపే పలకలు) అరగడం. ప్యాడ్ అరిగిన మేర, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి పైనుంచి ఆయిల్ దిగుతుంది. ఇది వేల కిలోమీటర్ల మీద మెల్లగా జరిగే పని. అప్పుడు పైన పోసేశారనుకోండి, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నొక్కగానే డబ్బా పొంగుతుంది. బ్రేక్ ఆయిల్ పడ్డచోట వెంటనే నీళ్లు పోసి కడగకపోతే పెయింటు లేచిపోతుంది.

రెండో కారణం లీకు. ప్యాడ్లు మందంగానే ఉన్నా నెల తిరక్కుండా ఆయిల్ మట్టం గీత కిందకు దిగిపోతోందంటే ఇక అనుమానం అక్కర్లేదు. పోసిన ప్రతిసారీ మీరు ఆ సంగతిని కప్పిపెడుతున్నట్టే.

అపోహ: కారు కింద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదు.

మాస్టారి ఇంటి ముందు నేల పొడిగానే ఉందట. వెనక ఎడమ చక్రం విప్పి డ్రమ్ము లాగాను. డ్రమ్ముకు లోపలినుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూ పైభాగం తడిసి, అరిగిన పొడితో కలిసి నల్లటి ముద్దలా అంటుకుని ఉంది. షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ చివర ఉండే రబ్బరు తొడుగును స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా ఎత్తేసరికి టీ రంగు ఆయిల్ నా వేలి మీదుగా జారింది. కారిందంతా డ్రమ్ములోనే ఉండిపోయింది, నేల మీదకు ఎక్కడ వస్తుంది?

ఇలా దాక్కునే చోట్లు ఇంకా ఉన్నాయి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్ నేరుగా బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే భాగం) లోపలికి పోతుంది, బయట తడి ఉండదు. అనుమానం వస్తే మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ విప్పి, కాస్త ముందుకు జరిపి వెనక వేలు పెట్టి చూస్తాం. చాలా కార్లలో క్లచ్‌కి కూడా అదే డబ్బాలోంచి ఆయిల్ వెళ్తుంది. అందుకని డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి, క్లచ్ పెడల్ కడ్డీ పైన తడిమి చూడాలి. స్టీల్ పైపులు క్లిప్పుల కింద తుప్పు పడతాయి. మా వైపు సముద్రపు గాలికి ఇది మామూలే. అమెరికాలో మంచు కాలం రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల ఉండే మనవాళ్లకైతే ఇంకా ఎక్కువ.

కింద పడే ప్రతి చుక్కా బ్రేక్ ఆయిల్ అని కంగారు పడకండి. ఏసీ నీళ్లు ముట్టుకుంటే ఉత్త నీళ్లే. బ్రేక్ ఆయిల్ జిగటగా కాకుండా పల్చగా, జారుడుగా ఉంటుంది. రాత్రి చక్రాల పక్కన ఒక తెల్ల అట్ట పరిచి పొద్దున్నే చూడండి.

అపోహ: పెడల్ లోతుకు పోతే ఎయిర్ (పైపుల్లో చేరిన గాలి) తీయిస్తే చాలు.

ఆ ఎయిర్ ఎటునుంచి వచ్చిందో చూడకుండా తీస్తే వారానికి మళ్లీ వస్తారు. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే అర నిమిషం నొక్కి పట్టుకోండి. స్పాంజిలా మెత్తగా ఉంటే ఎయిర్. మెల్లమెల్లగా కిందకు జారిపోతుంటే ఎక్కడో లీకు, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు అరిగాయి. సీళ్లు అరిగినప్పుడు డబ్బాలో ఆయిల్ ఒక్క చుక్క తగ్గదు, అందుకే చాలామంది అక్కడ పొరబడతారు.

పాత బండికి ఎయిర్ తీసేటప్పుడు నేను పెడల్ కింద చెక్కముక్క పెడతాను. రోజూ పెడల్ సగం వరకే వెళ్తుంది కాబట్టి మిగతా సగంలో సిలిండర్ లోపల మురికీ తుప్పూ పేరుకుంటాయి. అడుగుదాకా తొక్కితే సీళ్లు వాటికి రాసుకుని చిరుగుతాయి.

అపోహ: ఏ ఆయిలైనా ఆయిలే.

ఇంజిన్ ఆయిల్ కాస్త పడినా చాలు, బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఇక సీళ్లు, హోస్ పైపులు అన్నీ మార్చాల్సిందే. రబ్బర్లను పెట్రోలుతో కడిగినా అదే గతి. కారులోని డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో చూసి అదే పోయండి. మూత తీసి నెలల తరబడి పెట్టిన డబ్బా వద్దు, గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ లెక్క 155 డిగ్రీలే.

అపోహ: చిన్న లీకే, ఎంసీల్ పెట్టి షూలు కడిగితే గడిచిపోతుంది.

టైరులో గాలి ఒత్తిడి 32 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). గట్టిగా బ్రేకు తొక్కితే పైపులో ఒత్తిడి 1,000 పీఎస్‌ఐ దాటుతుంది. అతుకు ఆగదు. తుప్పు పట్టిన పైపు మార్చాలి, కొసలు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే అంచును రెండు మడతలుగా విప్పాలి. ఆయిల్ పీల్చిన షూ ఎంత కడిగినా వేడెక్కితే మళ్లీ చెమరుస్తుంది, రెండు చక్రాలవీ కలిపి మార్చండి.

అపోహ: బ్రేక్ ఆయిల్‌కు వేరువేరుగా రెండు పైపు లైన్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా నడుపుకోవచ్చు.

రెండు లైన్లు ఉండేది ఆ ఒక్కసారి బండి ఆపి మీరు బతికి బయటపడటానికి. చాలా చిన్న కార్లలో ముందు కుడి, వెనక ఎడమ ఒక లైను, మిగతావి రెండో లైను. ఒకటి పోతే పెడల్ లోతుకు పోతుంది, బండి చాలా దూరం వెళ్లి గానీ ఆగదు. హ్యాండ్‌బ్రేక్ దించినా ఎర్ర దీపం వెలుగుతుంటే పక్కకు తీసి ఆపేయండి, టోయింగ్ బండిని పిలవండి.

మాస్టారి కారుకు వెనక సిలిండర్లు రెండూ, షూల సెట్టూ మార్చి, నాలుగు చక్రాలకూ ఎయిర్ తీశాను. పెడల్ నొక్కి నిమిషం పట్టుకున్నాను, కదల్లేదు. డబ్బా మీద ఆయిల్ ఉన్నచోట పెన్నుతో గీత గీసి, వారం తర్వాత చూసి చెప్పమన్నాను. చెప్పినట్టే ఫోన్ చేశారు. "గీత దగ్గరే ఉందండి" అన్నారు.