బాలింత దిగులుకు బాధ్యులెవరు?

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డల్ని అత్తింటికి సాగనంపుతారు. అప్పటిదాకా కాయం తినిపించేవాళ్లు, రాత్రిపూట బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేవాళ్లు ఉంటారు. ఆ తర్వాత చాలామందికి ఆ ఆసరా ఉండదు. బాలింత దిగాలుగా కూర్చుంటే ‘గాలి సోకిందేమో’ అని తాయెత్తు కడతారు, ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్తారు. డాక్టర్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది.

తల్లి మనసుకూ బిడ్డ భరోసాకూ ముడి ఉందన్న చర్చ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊపందుకుంది. ఇల్లు కోల్పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరితే, బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో నివేదిక ఇచ్చాడు. తల్లి ఆప్యాయత లేకపోతే బిడ్డ మనసు దెబ్బతింటుందన్నాడు. తల్లిదండ్రులకు సమాజం అండగా ఉండాలని కూడా అందులోనే రాశాడు. జనం మొదటి మాటే పట్టుకుని తల్లిని తప్పుపట్టారు. ఆ అన్యాయం ఇప్పటికీ పోలేదు.

ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలో, తర్వాత బాల్టిమోర్‌లో ఇళ్లకే వెళ్లి తల్లీబిడ్డల్ని గమనించింది. బిడ్డ భరోసాను చూడ్డానికి ఆమె ఒక పరీక్ష పెట్టింది: ఏడాది బిడ్డను కొత్త గదిలో ఉంచి తల్లి మూడు నిమిషాలు బయటికెళ్లి వస్తుంది. బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. అమ్మ రాగానే చంకెక్కి, ఊరడిల్లి, మళ్లీ ఆటలో పడితే భరోసా ఉన్నట్టు.

తల్లి డిప్రెషన్ ఆ భరోసాను కొంత తగ్గించగలదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కొంతే. దిగులుపడ్డ తల్లుల బిడ్డల్లో భరోసాగా పెరిగేవాళ్లు చాలామందే. ఇక దిగులు ఎక్కడ పుడుతుందో గోవాలో జరిగిన అధ్యయనం 2002లో చూపించింది: పేదరికం, భర్త కొట్టడం, మగబిడ్డ కావాలనుకుంటే ఆడపిల్ల పుట్టడం. 2017లో దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే బాలింతల్లో సుమారు 22 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది దక్షిణాఫ్రికాలోని ఖయెలిత్షా అనే పేదల బస్తీ. అక్కడ శిక్షణ పొందిన మామూలు ఆడవాళ్లు గర్భిణిగా ఉన్నప్పటి నుంచి బిడ్డకు ఆరో నెల వచ్చేదాకా ఇంటికెళ్లి తల్లితో మాట్లాడారు, బిడ్డ సైగలు గమనించడం నేర్పారు. ఏడాదిన్నర వయసుకు ఆ పిల్లల్లో భరోసా మెరుగ్గా కనిపించిందని 2009లో ప్రచురించారు.

మనకు ఆశా కార్యకర్తలున్నారు. కాన్పయ్యాక 42 రోజుల వరకు ఇంటికొస్తారు. 2018 నుంచి వచ్చిన పథకం ప్రకారం మూడో నెల నుంచి 15వ నెల దాకా మరో ఐదుసార్లు రావాలి. బిడ్డ బరువు, తిండి, టీకాలు చూస్తారు. ‘నీకెట్లా ఉందమ్మా, నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా?’ అని అడగడం కూడా వాళ్ల పనిలో భాగం కావాలి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సాయం టెలీమానస్ నంబరు 14416 బాలింతకే కాదు, అత్తకూ భర్తకూ కూడా తెలియాలి.