అంగన్‌వాడీల మనోభారం: ఫోను చేతికొచ్చినప్పటి నుంచి

ముఖ గుర్తింపు నమోదు మీద అంగన్‌వాడీల అసంతృప్తి మళ్లీ రాజుకోవడంతో తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోనూ ‘యాప్ ఒత్తిడి’ చర్చకు వచ్చింది. దీన్ని జీతాల గొడవగా మాత్రమే చూస్తే అసలు సంగతి అందదు. పసిపిల్లల కేంద్రంలో పనిచేసే మనిషి మనసు ఎక్కడ నలుగుతోందో తెలియాలంటే, అంగన్‌వాడీ సేవలను ఫోనులో నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌ను కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 2021 మార్చి 1 దగ్గరికి వెళ్లాలి.

అంతకుముందూ పని బరువే. కానీ రిజిస్టరును పిల్లలు పడుకున్నాకో, ఇంటికి వెళ్లాకో నింపుకోవచ్చు. ఫోను వచ్చాక కోడిగుడ్లు పంచినా నమోదు కాకపోతే పంచనట్టే లెక్క. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి కావడంతో ఉచ్చు ఇంకా బిగిసింది. పలమనేరు, కుప్పం పల్లెల నుంచి మగవాళ్లు బెంగళూరుకు కూలి పనులకు పోవడం మామూలే. బాలింత ఆధార్‌కు ఉన్న నంబరు భర్తదైతే ఓటీపీ బెంగళూరులో మోగుతుంది. అతను పని ఆపి చూసి చెప్పేలోగా గడువు దాటిపోతుంది. మళ్లీ మొదలుపెడితే కన్నార్పమని యాప్ అడిగే వేళకు సిగ్నల్ పోతుంది. చంటిబిడ్డను చంకనేసుకుని ఎండలో వచ్చిన ఆ తల్లి కోపం ఎదురుగా ఉన్న కార్యకర్త మీదే పడుతుంది. అంతసేపూ లోపల మూడేళ్ల పిల్లలను, పొయ్యి మీది పప్పును ఆయా ఒక్కతే చూసుకోవాలి.

సరుకులు పక్కదారి పట్టకుండా, అసలు లబ్ధిదారుకే అందడానికి ఈ పద్ధతి అవసరమన్నది ప్రభుత్వ వాదన.

పోషణ్ ట్రాకర్ వచ్చిన 2021లోనే వెలువడిన, పనిచోట మానసిక క్షేమానికి సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శక ప్రమాణం ఐఎస్ఓ 45003 అధిక పనిభారం, పనిపై పట్టు లేకపోవడం, వేధింపు వంటివాటిని పనిచోటి ప్రమాదాలుగానే లెక్కించి, వాటిని తగ్గించాల్సిన బాధ్యతను పని అమర్చే సంస్థ మీద పెట్టింది. ఓర్చుకోమని ఉద్యోగికి శిక్షణ ఇచ్చి సరిపెట్టడానికి అందులో చోటు లేదు. మరి అంగన్‌వాడీకి ఆ సంస్థ ఎవరు? వీరివి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని 2006లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చేది గౌరవ వేతనమన్న మాట చాటున బాధ్యత జారిపోతూ వచ్చింది. 2022 ఏప్రిల్ 25న అదే కోర్టు, 2013 ఆహార భద్రతా చట్టం కింద వీరు చేస్తున్న పనిని కూడా చూసి, గ్రాట్యుటీకి అర్హులని తీర్పిచ్చింది.

ఆ గ్రాట్యుటీనీ వేతన పెంపునూ అడుగుతూ 2023 డిసెంబరు 12న రాష్ట్రంలో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. సమ్మె చేయకూడనంత అత్యవసర సేవ అయినప్పుడు, ఆ సేవ చేసే మనిషి మానసిక క్షేమం ఎవరి పూచీ అన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వు తర్వాతా జవాబు రాలేదు.

అందుకే యాప్ మొరాయించిన రోజున చేతిరాత నమోదు చెల్లుతుందా, సూపర్‌వైజర్ అడిగే సంజాయిషీలో సిగ్నల్ లేకపోవడం కారణంగా నిలుస్తుందా అన్నవి చిన్న విషయాలు కావు. ఇప్పటి వివాదంలో ముందు తేల్చాల్సినవి అవే.