కల్లంలోకి దిగాల్సిన పెట్టె

మా పెదనాన్న శెనక్కాయల కల్లంలో కుప్పకూలినప్పుడు చుట్టూ పదిమందిమి ఉన్నాం. ఊరు ఉరవకొండ వైపు. కాళ్లూ చేతులూ ఒక్కసారిగా కొట్టుకున్నాయి. "ఫిట్స్ వచ్చినట్టుంది, చేతిలో తాళాలు పెట్టండప్పా" అన్నారొకరు. ఇంకొకరు ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. అమ్మ మొహం మీద నీళ్లు చల్లింది. నోరు తెరిచి ఆగి ఆగి గాలి లాగుతుంటే, ఊపిరి ఉంది కదా అని ధైర్యపడ్డాం. 108కి ఫోన్ చేసి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం. ఆయన ఛాతీ మీద ఎవరమూ చెయ్యి వెయ్యలేదు.

గుండె ఉన్నట్టుండి ఆగితే మెదడుకు రక్తం అందదు. అప్పుడు కాసేపు ఫిట్స్ లాంటి కదలికలు వస్తాయి. మేం ఊపిరనుకున్నది ఎగశ్వాస. దాంతో ఒంటికి గాలి అందదు. ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, మనిషి నొప్పితో మాట్లాడుతూనే ఉండొచ్చు. గుండె ఆగిపోతే క్షణాల్లో స్పృహ పోతుంది. చాలాసార్లు అప్పుడు గుండె పూర్తిగా కదలకుండా ఉండదు. కింది గదులు లయ తప్పి వణుకుతుంటాయి, రక్తం మాత్రం ముందుకు పోదు. డీఫిబ్రిలేటర్ అనే యంత్రం ఇచ్చే కరెంటు షాక్ ఆ వణుకును ఒక్కసారిగా ఆపేస్తుంది. ఆ తర్వాత గుండె తన లయను తానే అందుకునే అవకాశం ఉంటుంది. షాక్ అందక, ఛాతీ నొక్కేవాళ్లూ లేక గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

1965లో బెల్‌ఫాస్ట్‌లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్స్‌లోకి ఎక్కించిన డీఫిబ్రిలేటర్ 70 కిలోలు. ఎవరైనా వాడగలిగేలా చేసిన ఇప్పటి ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్ పెట్టె, అంటే ఏఈడీ, రెండు కిలోలకు అటూ ఇటూ. మూత తీస్తే అదే మాట్లాడుతుంది, ప్యాడ్లు ఎక్కడ అతికించాలో చెబుతుంది. షాక్ అవసరం లేని గుండెకు ఇవ్వదు. అంత తేలికైంది కాబట్టే డ్రోన్ మోయగలుగుతోంది.

2021 డిసెంబర్‌లో స్వీడన్‌లోని ట్రోల్‌హట్టన్‌లో ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్న 71 ఏళ్ల పెద్దాయన పడిపోయాడు. అటుగా పోతున్న డాక్టర్ కారు ఆపి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. మూడు నిమిషాలు దాటేసరికి డ్రోన్ ఏఈడీని దించింది. ఆయన బతికాడు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2023లో అక్కడివాళ్లే ప్రచురించిన లెక్క. డ్రోనూ అంబులెన్సూ రెండూ చేరిన 55 ఘటనల్లో 37 సార్లు డ్రోనే ముందు వచ్చింది, అదీ సగటున మూడు నిమిషాల పైచిలుకు ముందు. ఆ 37 మందిలో నిజంగా గుండె ఆగినవాళ్లు 18 మంది. పెట్టె తెరిచి ప్యాడ్లు అతికించింది మాత్రం ఆరుగురికే. ఇంటి ముందు పెట్టె ఉండగానే పన్నెండు మందికి అది అందలేదు.

మన దగ్గర ఎలా ఉంటుందో లెక్కేసి చూశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి కిలోమీటరు. ఐదు నిమిషాల్లో చేరాలంటే డ్రోన్ ఐదు కిలోమీటర్లలోపే ఉండాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. ఒక్కో డ్రోన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం గీసి, మధ్యలో ఖాళీ మిగలకుండా అంతా కమ్మాలంటే దాదాపు 300 చోట్ల డ్రోన్లు ఉంచాలి. పాత మండలాలు 63, అంటే మండలానికి ఐదు. పీహెచ్‌సీ మిద్దె మీద ఒకటి, సచివాలయాల మీద నాలుగు. ఇది ఖర్చే, కానీ ఊహకందని ఖర్చు కాదు.

మన ఎండలు, మన గాలి వేరే సంగతి. మే నెలలో ఏఈడీని ఇనుప డబ్బాలో పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ప్యాడ్ల మీది జిగురు ఎండిపోతుంది. నీడ, చల్లదనం చూడాల్సిందే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందుగా అనుమతి అక్కర్లేని చోట్ల, 400 అడుగుల దాకా ఎగరొచ్చు. మన వైపు గాలిమరల రెక్కలు తిరిగేదీ ఆ ఎత్తులోనే. కంటికి కనిపించనంత దూరం పంపాలంటే విడిగా అనుమతి కావాలి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. చేల మీద మందు కొట్టే డ్రోన్లతో పాటు ఈ పెట్టె మోసే డ్రోన్‌నూ అక్కడ మన ఎండలో, మన గాలిలో ఎగరేసి చూడాలని నా కోరిక.

డ్రోన్ వచ్చినా ఆ స్వీడన్ పన్నెండు మంది సంగతి మిగిలే ఉంటుంది. నొక్కే మనిషి లేవకూడదు, పెట్టె తెచ్చేందుకు ఇంకొకరు పరుగెత్తాలి. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే కల్లంలో గోనెసంచి మడిచి పరిచి, ఛాతీ ఎలా నొక్కాలో మా పిల్లలకు చూపించాను. ఛాతీ నడుమ, ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకే మా అన్న కొడుకు చెమటలు కక్కాడు. "ఇంక నా వల్ల కాదు చిన్నాన్నా" అంటే, పక్కనే లెక్కపెడుతున్న వాడి చెల్లెలు అంకె తప్పకుండా అతన్ని జరిపి తాను మోకాళ్ల మీద కూర్చుంది.