వంకాయ పడదు, కందిరీగ పడదు

అలర్జీ అనే మాట మా చిత్తూరు వైపు ఈమధ్య వచ్చింది గానీ, అంతకుముందు అన్నిటికీ ఒకటే మాట: ‘పడదు’. వంకాయ తింటే ఒళ్ళు దురద, పడదు. పాలు తాగితే కడుపుబ్బరం, పడదు. పెన్సిలిన్ సూది వేస్తే మనిషి కూలిపోయాడు, అదీ పడదే. మొదటి రెండింటితో జీవితాంతం కాపురం చేయొచ్చు. మూడోది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. అది అర్ధగంట కూడా ఆగదు.

నాకు ఈ తేడా తెలిసింది దామలచెరువు దగ్గర ఒక తోతాపురి తోటలో. కాయలు కోస్తున్నారు. మా బామ్మర్ది చిక్కం పైకెత్తి కొమ్మల్లో ఆడించేసరికి కందిరీగలు లేచాయి. మెడ మీద రెండు చోట్ల కుట్టాయి. నిరుడు కుట్టినప్పుడు చెయ్యి వాచి మూడు రోజుల్లో తగ్గింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో సున్నం రాశారు. పది నిమిషాలు కాలేదు, అరిచేతులూ అరికాళ్ళూ ఒకటే దురదన్నాడు. తర్వాత గొంతు బొంగురుపోయింది. బండి దాకా నడుద్దామని లేపాం. లేచినవాడు లేచినట్టే పడిపోయాడు.

నిరుటి కాటే దీనికి దారి వేసింది. మొదటిసారి విషంలోని ప్రోటీన్‌ను చూసిన శరీరం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుని, చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద అమర్చిపెట్టుకుంటుంది. మళ్ళీ అదే ప్రోటీన్ కనబడితే ఆ కణాలు తమలోని హిస్టమిన్ వగైరా రసాయనాలను ఒక్కసారిగా కక్కేస్తాయి. రక్తనాళాలు జల్లెడలవుతాయి. నాళాల్లోని ద్రవంలో మూడోవంతు దాకా పది నిమిషాల్లో బయటికి కారిపోవచ్చు. అందుకే మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. ఊపిరాడకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టొచ్చు. నిలబెడితే మాత్రం గుండెకు చేరే రక్తమే ఉండదు. మేం చేసిన పని సరిగ్గా అదే.

1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు సముద్రపు ఎనిమోన్లు అనే పువ్వుల్లాంటి జీవుల విషానికి కుక్కలను అలవాటు చేయబోయారు. ఒకసారి ఇచ్చి, మూడు వారాలాగి మళ్ళీ కొంచెం ఇస్తే, తట్టుకోవాల్సిన కుక్క కాస్తా చచ్చిపోయింది. రక్షణకు ఎదురు అనే అర్థంలో దానికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. కుక్కకేమీ రాలేదు.

ఇలాంటి మరణాలను బ్రిటన్‌లో పరిశీలించిన పంఫ్రీ అనే వైద్యుడు 2000లో ఒక లెక్క ప్రచురించాడు. ఊపిరో గుండో ఆగడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా చూస్తే, తిండి వల్లయితే 30 నిమిషాలు, కీటకాల కాటుకు 15, వైద్యంలో ఇచ్చిన మందుకు 5. నరానికెక్కించిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది మరి. జ్వరమొస్తే చాలు ‘ఒక సూది వేయండి సార్’ అని మనమే అడుగుతామే, ఆ అలవాటంటే నాకందుకే భయం. పెన్సిలిన్ జాతి మందులు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, ఆపరేషన్లో కండరాలు సడలడానికి ఇచ్చేవి, అన్నీ ఈ కోవలోవే.

తిండిలో పాలు, గుడ్డు, చేప, రొయ్యలు, గోధుమ, నువ్వులు, చెనక్కాయలు, జీడిపప్పు ముఖ్యమైనవి. సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి లేనిదే ముద్ద దిగని ఊళ్ళో పుట్టి ఇది రాయడం నాకే వింతగా ఉంది. అందులోనూ ఉడకబెట్టిన కాయలకన్నా వేయించిన గింజలే ఎక్కువ ప్రమాదం. ఉడికిస్తే ఆ ప్రోటీన్లు కొంత నీళ్ళలోకి పోతాయి, వేయిస్తే ఇంకా మొండికేస్తాయి. అలాగని పడనివాళ్ళు ఉడికినవి తినొచ్చని కాదు.

జీడిపప్పు కథ వేరు. మామిడి తొడిమ విరిస్తే కారే సొన మూతికంటితే పుండవుతుంది. చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం తగిలినా పొక్కులే. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిన చెట్టుకు మనవాళ్ళు జీడిమామిడి అని పేరు పెట్టారంటే, చుట్టరికం ఇట్టే పట్టేశారన్నమాట. మూడూ ఒకే కుటుంబం, పిస్తా కూడా. కానీ సొన పొక్కులు ఒకట్రెండు రోజులకు లేస్తాయి, చర్మంతోనే పోతాయి. జీడిపప్పు తిని కూలిపోవడం గింజలోని ప్రోటీన్ల వల్ల, నిమిషాల్లో. మూతి పొక్కిందని జీడిపప్పు మానక్కర్లేదు. జీడిపప్పు పడనివాళ్ళు మాత్రం పిస్తా జోలికి పోకూడదు.

తిరుపతిలో ఉంటూ జీడిపప్పు పడకపోతే ఎంత ఇబ్బందో! కొండకు పోయొచ్చిన ప్రతివాళ్ళూ లడ్డూ చేతిలో పెడతారు. వద్దనడానికి నోరు రాదు. పలుకులు ఏరేసి తింటానంటే కుదరదు, నూక పిండిలో కలిసే ఉంటుంది. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకివ్వడమే.

కొందరికి గోధుమ ఒక్కటే ఏమీ చేయదు, నడక ఒక్కటే ఏమీ చేయదు. చపాతీలు తిని వెంటనే అలిపిరి మెట్లెక్కితే మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు, ఆపైన కళ్ళు తిరగడం. ఇదీ అనాఫిలాక్సిసే.

మందు ఒకటే, అడ్రినలిన్. తొడ బయటివైపు, మధ్యభాగంలో, కండలోకి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ళకు 0.5 మించకుండా, తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ. సెట్రిజిన్ మాత్ర దురదను తగ్గిస్తుందే గానీ గొంతు వాపునూ, పడిపోయే బీపీనీ ఆపలేదు. పదిమందిలో ఒకరిద్దరికి దద్దుర్లే రావు కాబట్టి అవి కనబడేదాకా 108కి ఫోన్ చేయకుండా కూర్చోకూడదు.

ఆ రోజు ఆస్పత్రిలో నర్సమ్మ తొడకు సూది వేసిన కాసేపటికి బామ్మర్ది కళ్ళు తెరిచాడు. సాయంత్రానికి ‘నాకేం కాలేదబ్బా, ఇంటికి పోతా’ అని ఒకటే గొడవ. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వదల్లేదు. కొందరికి గంటల తర్వాత రెండోసారి వస్తుందని చెప్పి మంచం దిగనివ్వలేదు. తెల్లవారుజామున మూడింటికి మెడ మీద మళ్ళీ దద్దుర్లు లేచాయి.