గ్యాస్ మనది, సిలిండర్ ఎవరిది?

బాలానగర్‌లో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నవాళ్ళకు ఆక్సిజన్ తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఏజెన్సీకి డిపాజిట్ కట్టి వాళ్ళ సిలిండర్ తెచ్చుకోవడం ఒకటి. గడువు దాటితే రోజుకింత అని అద్దె పడుతుంది. రెండోది, పాత సిలిండర్ ఒకటి సొంతంగా కొనుక్కుని, అయిపోయినప్పుడల్లా రీఫిల్ చేయించుకోవడం. గ్యాస్ కటింగ్ పని ఎప్పుడో ఒకసారి తగిలే షాపుకు రెండోదే లాభంగా కనిపిస్తుంది. తీరా పాత సామాన్ల కొట్లో కొన్న సిలిండర్‌ను ఫిల్లింగ్ ప్లాంటుకు తీసుకెళ్తే నింపం పొమ్మంటారు. సిలిండర్ భుజం మీద, అంటే వాల్వు కింద వంపు తిరిగిన చోట, వేరే కంపెనీ పేరు గుద్ది ఉంటుంది. లేదా టెస్ట్ డేటు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఒక్కోసారి పేరు ఉండాల్సిన చోట గ్రైండర్‌తో చెరిపిన గీతలు తప్ప ఏమీ ఉండవు.

డబ్బు పెట్టి కొన్నవాడికి ఒళ్ళు మండుతుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. ప్లాంటు వాళ్ళ భయంలోనూ న్యాయం ఉంది. ఈ రెండూ ఒకచోట ఎలా చేరాయో తెలియాలంటే ఈ వ్యాపారం పుట్టిన కాలానికి వెళ్ళాలి.

1886లో లండన్‌లో బ్రిన్ సోదరుల పేరు మీద ఒక ఆక్సిజన్ కంపెనీ మొదలైంది. బేరియం ఆక్సైడ్‌ను వేడి చేసి గాలిలోంచి ఆక్సిజన్ లాగే పద్ధతి వాళ్ళది. అప్పటికి గ్యాస్ వెల్డింగ్ లేదు. వాళ్ళ సరుకు ఎక్కువగా నాటకశాలల్లో లైమ్‌లైట్ దీపాలకు వెళ్ళేది. అంతకు ముందు ఏడాదే జర్మనీలో మానెస్‌మాన్ సోదరులు అతుకు లేని ఉక్కు గొట్టం చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే గట్టి సిలిండర్లకు అలాంటి పద్ధతులే దారి చూపాయి. 1895లో కార్ల్ ఫాన్ లిండే గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చి చూపించాక ఆక్సిజన్ చవకబడుతూ వచ్చింది. దాన్ని మోసే ఉక్కు మాత్రం ఆ స్థాయిలో చవక కాలేదు.

ఈ వ్యాపారం నడక అక్కడే ఖాయమైంది. ఇప్పుడు మనం వాడే పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌నే చూడండి. 46.7 లీటర్ల నీళ్ళు పట్టే ఆ ఉక్కు సీసాలో చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడితో దాదాపు 7 ఘనపు మీటర్ల ఆక్సిజన్ పడుతుంది. గట్టిగా కటింగ్ చేస్తే ఒక్క పూటలో ఖాళీ. గ్యాస్ ఖరీదు వందల్లో ఉంటే సిలిండర్ ఖరీదు వేలల్లో ఉంటుంది. సరిగ్గా చూసుకుంటే ఆ ఉక్కు దశాబ్దాల పాటు పనిచేస్తుంది. అందుకే కంపెనీలు గ్యాస్ అమ్మి ఉక్కును తమ దగ్గరే ఉంచుకున్నాయి. అందులో భద్రత ఉంది, వ్యాపారమూ ఉంది. సిలిండర్ ఎవరిదో గ్యాస్ కోసం వాళ్ళ దగ్గరికే రావాలి కదా. బ్రిన్ సోదరుల కంపెనీయే 1906లో బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీగా మారింది. 1956లో బ్రిటన్ గుత్తాధిపత్య కమిషన్ ఈ రంగాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చేనాటికి ఆ దేశంలో ఆక్సిజన్ సరఫరా దాదాపు అంతా ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంది.

వెల్డింగ్ మంటకు కావలసిన రెండో గ్యాస్ ఎసిటిలీన్ కథ వేరు. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ కాల్షియం కార్బైడ్‌ను చవకగా చేసే దారి కనుక్కున్నాడు. ఆ కార్బైడ్ మీద నీళ్ళు పడితే ఎసిటిలీన్ వస్తుంది. దాన్ని ఆక్సిజన్‌తో కలిపి మండిస్తే 3,000 డిగ్రీలు దాటిన మంట వస్తుందని 1895లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెలియే చెప్పాడు. కొద్ది ఏళ్ళలోనే ఫ్రాన్స్‌లో ఈ రెండు గ్యాసులనూ కలిపి మండించే టార్చి తయారైంది. అయితే ఎసిటిలీన్‌ను ఆక్సిజన్‌లా నొక్కి నింపడం కుదరదు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి దాటితే గాలి తగలకపోయినా తనంత తానే పేలగలదు. 1896లో జార్జ్ క్లాడ్, ఆల్బర్ట్ హెస్ దీనికి ఉపాయం కనుక్కున్నారు. ఎసిటిలీన్ అసిటోన్ అనే ద్రవంలో బాగా కరుగుతుంది. సిలిండర్ నిండా సన్నటి రంధ్రాలున్న ముద్దను కూరి, దానికి అసిటోన్ పట్టించి, అందులో గ్యాస్‌ను కరిగించి ఉంచడమే ఆ పద్ధతి. మన షాపుల్లో డీఏ (డిజాల్వ్‌డ్ ఎసిటిలీన్) సిలిండర్ అనేది ఇదే. ఆ ముద్దను మెరుగుపరిచి సముద్ర దీపస్తంభాలకు వాడిన స్వీడన్ ఇంజినీరు గుస్టాఫ్ డాలెన్ 1912లో ఎసిటిలీన్ సిలిండర్లను పరీక్షిస్తుండగా పేలుడు జరిగి చూపు కోల్పోయాడు. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సిలిండర్ల మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగేవాళ్ళు ఆయన్ని గుర్తు పెట్టుకోవాలి.

మన ఊళ్ళలో చాలాకాలం డీఏ సిలిండర్ కంటే కార్బైడ్ డబ్బానే ఎక్కువ నడిచింది. మామిడికాయలు మాగబెట్టడానికి దొంగచాటుగా వాడి చెడ్డపేరు తెచ్చిన కార్బైడే అది. డబ్బాలో కార్బైడ్ వేసి నీళ్ళు పోసుకుని వెల్డర్ తన ఎసిటిలీన్ తానే తయారు చేసుకునేవాడు. బయటివాళ్ళ మీద ఆధారపడింది ఒక్క ఆక్సిజన్‌కే. డబ్బా ప్రమాదకరమైనదే, అందులో సందేహం లేదు. కానీ డీఏ సిలిండర్ వచ్చాక మంటలోని రెండో సగం కూడా కంపెనీ సిలిండర్‌లోకి వెళ్ళిపోయింది. పైగా డీఏ సిలిండర్‌లో గ్యాస్ వేగంగా లాగితే అసిటోన్ కూడా కొంత బయటికి వస్తుంది. నింపే ముందు తూకం వేసి, తగ్గిన అసిటోన్‌ను భర్తీ చేయాలి. లోపలి ముద్ద కుంగి ఖాళీ ఏర్పడిందేమో బయటికి కనిపించదు. పాత ఆక్సిజన్ సిలిండర్ కొనడం ఒక ఎత్తు, చరిత్ర తెలియని పాత డీఏ సిలిండర్ కొనడం మరో ఎత్తు. రెండోది ఎంత చవకగా వచ్చినా కొనవద్దనే చెబుతాను.

మన దేశంలో ఈ వ్యాపారానికి పెద్ద పునాది 1935లో కలకత్తాలో పడింది. ఇండియన్ ఆక్సిజన్ అండ్ ఎసిటిలీన్ కంపెనీ అప్పుడే ఏర్పడింది. తర్వాత ఇండియన్ ఆక్సిజన్‌గా, బీఓసీ ఇండియాగా మారి, 2013 నుంచి లిండే ఇండియా పేరుతో నడుస్తోంది. చట్టం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 1938 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, లోహపు పాత్రలో నొక్కి నింపిన గ్యాస్‌ను 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి తెచ్చింది. మందుగుండును చూసే చట్టమే సిలిండర్‌నూ చూడటం మొదలైంది. 1940లో గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వచ్చాయి. వాటిని 1981లో, 2004లో, 2016లో తిరగరాశారు. అమలు చూసేది నాగ్‌పూర్ ప్రధాన కేంద్రంగా ఉన్న పెసో, అంటే కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ.

ఈ నిబంధనలు యజమాని అనే మాట మీద చాలా బరువు పెట్టాయి. సిలిండర్ భుజం మీద తయారీదారు గుర్తు, యజమాని గుర్తు, వరుస సంఖ్య, పని ఒత్తిడి, పరీక్ష ఒత్తిడి, ఖాళీ బరువు, చివరి టెస్ట్ తేదీ గుద్ది ఉండాలి. 150 కిలోల ఒత్తిడికి నింపే సిలిండర్‌ను 250 కిలోల నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. ఆక్సిజన్ సిలిండర్‌కు ఇది 5 ఏళ్ళకోసారి తప్పదు. సిలిండర్ బతికున్నన్నాళ్ళూ దాని రికార్డు ఉంచాల్సింది యజమానే. టెస్టులో తప్పినా, ఖాళీ బరువులో 5 శాతానికి మించి తగ్గినా దాన్ని నింపకూడదు. చదును చేయాలి, లేదా మళ్ళీ అతికి సిలిండర్ చేయడానికి వీల్లేకుండా ముక్కలుగా కోయాలి. పాత ఇనుము కొట్టును మనసులో పెట్టుకుని రాసిన నిబంధన ఇది.

ఇంత జాగ్రత్త ఎందుకో ఫిల్లింగ్ ప్లాంటులో నిలబడి చూస్తే తెలుస్తుంది. వరసగా చాలా సిలిండర్లను ఒకే గొట్టానికి తగిలించి ఒకేసారి నింపుతారు. వాటిలో ఒకటి లోపల తుప్పు పట్టి ఉన్నా, నూనె తగిలి ఉన్నా, టార్చి నుంచి ఎసిటిలీన్ వెనక్కి తన్ని చేరి ఉన్నా ప్రమాదం పక్కనున్న మనుషులందరికీ. అక్కడ పనిచేసేవాళ్ళకు సిలిండర్ లోపలి చరిత్ర కనిపించదు. భుజం మీది అక్షరాలే ఆధారం. ఆ అక్షరాలు గ్రైండ్ చేసి తీసేవాడు ఎవరి ప్రాణంతో ఆడుతున్నాడో ఆలోచించాలి.

డబ్బు లెక్కల దగ్గరా ఈ ప్రశ్న కోర్టులకెక్కింది. సిలిండర్ అద్దెనూ, డిపాజిట్ మీద వచ్చే వడ్డీ లాభాన్నీ గ్యాస్ ధరలో కలిపి ఎక్సైజ్ సుంకం వేయాలని అధికారులు పట్టుబట్టారు. 1988లో ఇండియన్ ఆక్సిజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. గ్యాస్ తయారీ వేరు, సిలిండర్లు సమకూర్చడం వేరు అని తేల్చింది. మనం గ్యాస్ కొంటున్నామే గాని సిలిండర్ కొనడం లేదన్న సంగతి ఆ తీర్పుతో ఇంకా స్పష్టమైంది. ఇంట్లో వంట గ్యాస్ బండకు మనం కట్టేదీ డిపాజిట్టే, బండ మాత్రం ఆయిల్ కంపెనీదే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం మరో ముడి వేసింది. అమ్మేవాడికి హక్కు లేని వస్తువును కొన్నవాడికి మామూలుగా అంతకు మించిన హక్కు రాదు. డిపాజిట్ మీద తెచ్చిన సిలిండర్‌ను షాపు మూసేసేటప్పుడు ఎవరో తుక్కుకు అమ్మేస్తే, అది ఎన్ని చేతులు మారినా కంపెనీ సొత్తే.

బయటి దేశాలు దీన్ని ఒకే తీరుగా తేల్చలేదు. అమెరికా రవాణా నిబంధనల ప్రకారం సిలిండర్‌ను యజమాని నింపాలి, లేదా యజమాని సమ్మతితో నింపాలి. లేకపోతే దాన్ని రవాణాకు పెట్టకూడదు. ఐరోపాలో వైకింగ్ గ్యాస్, కోసన్ గ్యాస్ అనే డెన్మార్క్ కంపెనీల తగాదాను 2011లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. అది వెల్డింగ్ గ్యాస్ కాదు, వంటకు వాడే తరహా గ్యాస్. కోసన్ కంపెనీ తన ప్రత్యేక ఆకారపు సిలిండర్‌ను ప్రజలకు డబ్బు తీసుకుని అమ్మింది. అలా కొన్నవాళ్ళు దాన్ని ఇంకో కంపెనీ దగ్గర నింపించుకోవచ్చని, తగిన కారణం లేకుండా ట్రేడ్‌మార్క్ పేరు చెప్పి అడ్డుకోవడం కుదరదని న్యాయస్థానం చెప్పింది. నాకు ఈ తీర్పు సబబుగా అనిపిస్తుంది. అద్దెకిచ్చినప్పుడు ఉక్కు మీద హక్కు కంపెనీది. అమ్మేశాక కూడా నా దగ్గరికే రావాలంటే ఒప్పుకోనక్కర్లేదు.

2021 వేసవిలో, కరోనా రెండో అల వచ్చినప్పుడు, ఈ వ్యవహారమంతా వెల్డింగ్ షాపుల బయటికి వచ్చింది. ఏప్రిల్ 22 నుంచి తొమ్మిది రంగాలకు తప్ప పరిశ్రమలకు ఆక్సిజన్ ఇవ్వొద్దని కేంద్రం ఆదేశించింది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని మహారాష్ట్రకు బయల్దేరిందీ ఆ రోజుల్లోనే. గ్యాస్ ఉన్నచోట కూడా దాన్ని నింపడానికి సిలిండర్లు దొరకలేదు. ఆర్గాన్, నైట్రోజన్ సిలిండర్లను శుభ్రం చేసి ఆక్సిజన్‌కు మార్చుకోవడానికి పెసో అనుమతి ఇచ్చింది. ఢిల్లీలో నిప్పు ఆర్పే సిలిండర్లకు రంగేసి ఆక్సిజన్ సిలిండర్లుగా అమ్మినవాళ్ళను పోలీసులు పట్టుకున్నారు. దాతలు, సంఘాలు, ఇళ్ళలో రోగులున్న కుటుంబాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు సిలిండర్లు కొన్నారు. వాళ్ళెవరూ గ్యాస్ వ్యాపారులు కారు. యజమానికి టెస్ట్ బాధ్యత ఉంటుందని, రికార్డు ఉంచాలని వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ. 2021 ముద్ర ఉన్న ఆక్సిజన్ సిలిండర్‌కు 2026లో టెస్ట్ గడువు వస్తుంది. వాటిలో కొన్ని అమ్మకానికి రావడం సహజం. కొనేవాళ్ళలో వెల్డర్లూ ఉంటారు.

నిబంధనల్లో నాకు లోటుగా కనిపించేది ఇక్కడే. రికార్డు యజమాని దగ్గర ఉంటుంది, సిలిండర్ చేతులు మారుతూ పోతుంది. బండికి ఆర్‌సీ ఉన్నట్టు దానితో పాటు నడిచే కాగితం ఏదీ కొనేవాడి చేతికి రాదు. అది వచ్చేదాకా పాత సిలిండర్ కొనేవాళ్ళు అమ్మేవాడి బిల్లు, భుజం మీద పేరున్న యజమాని ఇచ్చిన అమ్మకం లేఖ, వరుస సంఖ్య వేసిన టెస్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. ఈ మూడింటిలోని సంఖ్య ఉక్కు మీది సంఖ్యతో కలవాలి. డబ్బు ఇవ్వకముందే ఆ సంఖ్య రాసుకుని ఫిల్లింగ్ ప్లాంటులో చూపించి, నింపుతారో లేదో కనుక్కోవాలి. మేం నింపం అని చెబితే ఆ బేరం వదులుకోవాలి.