ఏ చలికి ఏ గోబీ

దసరా దాటిందంటే నర్సరీల ముందు ప్రోట్రేల (నారు పెంచే గుంటల ట్రేల) నిండా కాలీఫ్లవర్ నారు దిగుతుంది. ఏ రకమని అడిగితే "మంచి హైబ్రిడ్ సార్, పెద్ద పువ్వొస్తది" అంటారు. పువ్వు సైజు తర్వాతి మాట. గోబీ నారు కొనేవాళ్ళు ముందు అడగాల్సింది, ఆ రకం ఎంత చలిలో పువ్వు కడుతుందని. టమాటాలో రకం మారితే కాయ మారుతుంది, తెగుళ్ళను తట్టుకునే శక్తి మారుతుంది. గోబీలో రకం మారితే నాటే నెలే మారిపోతుంది.

మనం కూర వండుకునే తెల్లటి గడ్డ విచ్చిన పువ్వు కాదు. ఈసారి కడిగే ముందు ఒక రెమ్మ విరిచి దగ్గరగా చూడండి. అచ్చం చిన్న సైజు గోబీలా ఉంటుంది. దాని మీది బుడిపె ఒకటి తుంచితే అదీ అంతే. బుడిపెలన్నీ చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. మొక్క కొన పువ్వుగా మారబోతుంది, పని మధ్యలో ఆగిపోయి మళ్ళీ కాడవుతుంది. ఆ కాడ మీద పుట్టిన మొగ్గలూ పువ్వు కాలేక మళ్ళీ కాడలే అవుతాయి. ఇలా వేల కాడలు ఒకదాని మీద ఒకటి పుట్టి గడ్డ కడతాయి. దీని వెనక జన్యువుల ఆటేమిటో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం 2021లో 'సైన్స్' పత్రికలో వివరించింది.

ఆకులు వేయడం మానేసి ఈ పనికి దిగమని మొక్కకు చెప్పేది చల్లదనం. ఎంత చల్లదనం అన్నదే రకాన్ని బట్టి ఉంటుంది. 1822లో ఇంగ్లండ్ నుంచి గోబీ విత్తనాలు తెచ్చి, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో ఈస్టిండియా కంపెనీ తోటలో మన దేశంలో మొదటిసారి వేశారు. అక్కడి నుంచి ఉత్తరాది రైతులు ఏటా వేడికి తట్టుకున్న మొక్కల విత్తనమే దాచుకుంటూ వచ్చారు. వందేళ్ళు తిరిగేసరికి యూరప్‌లో లేని వేడి రకాలు మన దేశంలో తయారయ్యాయి. ఇప్పుడున్న ముందస్తు రకాలు, పూసా మేఘన, పూసా దీపాలి లాంటివి, పగలూ రాత్రీ కలిపి సగటున 20 నుంచి 27 డిగ్రీల మధ్య గడ్డ కడతాయి. మధ్యకాలపు రకాలకు 12 నుంచి 20 కావాలి. స్నోబాల్ రకాలు యూరప్ చలికి అలవాటు పడ్డ తరగతి, వాటికి 10 నుంచి 16 ఉండాల్సిందే.

ఇక మన దగ్గరి చలి చూద్దాం. డిసెంబర్‌లో హైదరాబాద్ రాత్రి 14, 15 డిగ్రీలకు దిగినా పగలు 28 దాకా ఎక్కుతుంది. సగటు 21, 22 దగ్గర తేలుతుంది. విజయవాడలో అదీ లేదు. అంటే ఢిల్లీ చలికి దివ్యంగా పండే స్నోబాల్ ఇక్కడ జనవరి దాకా ఏపుగా ఆకులేసి ఊరుకున్నా దాని తప్పేం లేదు, దానికి కావాల్సిన చలి రాలేదంతే. ఆదిలాబాద్ వైపు, అరకు, చింతపల్లి కొండల్లో అయితే వేసి చూడొచ్చు. మైదానంలో ముందస్తు రకాలే నమ్మకం, నడి చలికాలంలో కోతకొచ్చేలా వేస్తే మధ్యకాలపువీ పనికొస్తాయి. మిద్దె తోట వాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పగలు తాగిన ఎండని స్లాబు రాత్రంతా వదులుతుంది కాబట్టి కుండీకి చలి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

ముందస్తు రకాన్ని బాగా ఆలస్యంగా నాటితే దీనికి ఉల్టా జరుగుతుంది. నాలుగాకులు వేసేలోపే కావలసినంత చలి తగిలి, మొక్క అప్పుడే గడ్డకు దిగుతుంది. గడ్డను పోషించడానికి ఆకులు చాలవు. కుంకుడుకాయంత వచ్చి ఆగిపోతుంది. రైతులు దీన్ని బటనింగ్ అంటారు. ముదురు నారు నాటినా ఇదే గతి. నారు 25, 30 రోజులు దాటితే వేర్లు ట్రేలో చుట్టుకుపోయి, నాటాక తేరుకోవడానికే దానికి టైమంతా పోతుంది. అందుకే నర్సరీలో పొడుగ్గా, పచ్చగా, కాడ లావెక్కి ఉన్న నారు చూసి మురిసిపోకూడదు. నాలుగైదాకుల లేత నారు తెచ్చుకోవడం మేలు.

మరి తేదీ ఎలా పట్టుకోవాలి? మన పల్లెల్లో కార్తెల లెక్క ఉంది. దాన్ని పాతకాలపు నమ్మకమని కొట్టిపారేసేవాళ్ళు ఒక విషయం గమనించరు. చాంద్రమాన మాసాలు ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి, దీపావళి ఒక ఏడు అక్టోబర్‌లో వస్తే మరో ఏడు నవంబర్‌లో వస్తుంది. కార్తె అలా కాదు, అది సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. చిత్త కార్తె ఎప్పుడూ అక్టోబర్ 10, 11 ప్రాంతంలోనే మొదలవుతుంది, స్వాతి 24కి అటూఇటూ. ఎండ, చలి సూర్యుడితో పోతాయి కనుక విత్తే పనికి ఈ లెక్కే సరైంది. (దాదాపు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతుందనుకోండి, గోబీ దాన్ని పట్టించుకోదు.) తెలంగాణలో హస్త, చిత్తల్లో నారు పోసుకుంటే స్వాతి, విశాఖ కార్తెల్లో నాటుకోవచ్చు. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు సరిగ్గా అప్పుడే కాబట్టి మడిలో నారుకుళ్ళు పట్టుకుంటుంది. ఓ రెండు వారాలు ఆగడమే మంచిది.

ముల్లంగిలోనూ రకాల తేడా ఉంది. పూసా చేత్కి వేడికి ఓర్చుకుంటుంది, పూసా హిమానికి మంచి చలి కావాలి. కొత్తిమీరకు రకం కంటే తొందరపడకపోవడం ముఖ్యం. ఎండ తగ్గకముందే చల్లితే ఆకు పెరగకుండానే పూతకొచ్చేస్తుంది. చల్లే ముందు ధనియాన్ని రెండు బద్దలయ్యేలా నలపడం మరిచిపోవద్దు, ఒక్కో బద్దలో ఒక విత్తనం ఉంటుంది.

ఉల్లి లెక్క మాత్రం వేరు. గడ్డ ఊరడానికి అది ముఖ్యంగా పగటి పొడవు చూస్తుంది. హైదరాబాద్‌లో పగలు డిసెంబర్‌లో 11 గంటల పైచిలుకు, జూన్‌లో కూడా 13 గంటల చిల్లరే. మన ఉల్లి రకాలన్నీ ఈ కొద్దిపాటి తేడాకే కదిలే బాపతు. 14 గంటల పైన పగలుంటేనే గడ్డకు దిగే చలిదేశాల రకాన్ని కర్నూలులో నాటితే ఎప్పటికీ ఉల్లికాడలే.

ఇదే చిక్కు తిరగేసి అమెరికాలోని మనవాళ్ళకు ఎదురవుతుంది. ఇక్కడి ఉల్లి విత్తనం న్యూజెర్సీ పెరట్లో వసంతంలో వేస్తే, మార్చి చివరికే పగలు 12 గంటలు దాటి, వేలెడంత మొక్క గడ్డకు దిగిపోతుంది, గోలీలంత గడ్డలొస్తాయి. డాలస్‌లో అయితే శీతాకాలం అంత కఠినంగా ఉండదు కాబట్టి పగలు పెరిగేలోపే నాటుకోవచ్చు, మనవాటిలా తక్కువ పగటికే గడ్డకు దిగే ఉల్లి రకాలు బాగానే పండుతాయి. ఆకుకూరలకు వాళ్ళది మనకు ఎదురు లెక్క. మనం చలి కోసం ఎదురుచూసి విత్తుతాం, వాళ్ళు మొక్కల మీద తొలిసారి మంచు గడ్డకట్టే (ఫ్రాస్ట్) తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తాలి. పైగా శరదృతువులో పగలు రోజురోజుకీ తగ్గిపోతూ ఎదుగుదల నెమ్మదిస్తుంది గనుక, ప్యాకెట్ మీద నలభై రోజులని ఉన్న పాలకూరకైనా ఓ రెండు వారాలు అదనంగా కలుపుకోవాలి.